వెలుతురునకు హద్దు

మన సంఘపు సంచికకు ఏదైన వ్రాయుమని కార్యదర్శిగారు కోరినపుడు నేను మొదట సంకోచించితిని. ఈ పుటలలో మన భాషను గూర్చియు, పండుగలను గూర్చియు, మన పూర్వులు ఈ కన్నడదేశమునకు వచ్చి స్థిరపడిన వృత్తాంతమును గూర్చియు పెద్దలు ఏటేట వ్రాయుచునే యున్నారు. నేను ఎస్.ఎస్.ఎల్.సి. వరకు మాత్రమే చదివినవాడను. కోలారు ప్రాంతమున ఒక పురపాలక కార్యాలయములో 1980 మొదలు 2019 వరకు గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి తీసికొనినవాడను. శాస్త్రచర్చకు తగిన పాండిత్యము నాకు లేదు. అయినను ఒక ప్రశ్న చాల ఏండ్లుగా నన్ను వదలక వెంటాడుచున్నది. అది పుస్తకమునుండి పుట్టినది కాదు. ఒక ఫైలునుండి పుట్టినది. దానిని మీ ముందుంచుటకు సాహసించుచున్నాను.

ప్రశ్న ఇది. ఒకడు తన స్థలమున, తన సొమ్ముతో, సర్కారునకు కట్టవలసిన రుసుము కట్టి, తన అంగడిముందు ఒక దీపము వెలిగించెను. ఆ వెలుతురు వాని గోడను దాటి, వీథిని దాటి, ఎదురింటి కిటికీలో పడినది. దీపము వానిదే, సందేహము లేదు. కాని హద్దు దాటిన ఆ వెలుతురు ఎవరిది? మన చెట్టు కొమ్మ పొరుగువాని పెరటిలోనికి వంగినచో కొమ్మ నరుకుకొమ్మని అడుగు హక్కు వానికి కలదు. మన తూము నీరు వాని గోడను తడిపినచో పెద్దమనుష్యులు కూర్చుండి తీర్పు చెప్పుదురు. వెలుతురు వాని పడకమీద పడినచో చెప్పువారెవరు?

బోర్డులకును దీపములకును అనుమతి ఇచ్చు విధానము చాలమంది ఎరుగరు. మా కార్యాలయమున జరిగిన తీరు చెప్పెదను. అంగడి కట్టినవాడు బోర్డు పెట్టదలచినపుడు దరఖాస్తు పెట్టును. దానితో బోర్డు నమూనా, కట్టడపు పటము, ఇంజనీరు ఇచ్చిన పత్రము, రుసుము కట్టిన రసీదు జతపరచును. గుమాస్తా వానిని సరిచూచి, పొడవెంత, వెడల్పెంత, నేలనుండి ఎత్తెంత, బాటమీదికి చొచ్చుకొని వచ్చినదా లేదా, పన్ను బాకీ యున్నదా లేదా యని గడులలో నింపి నోటు వ్రాయును. పైఅధికారి సంతకము చేయును. ఆ గడులను నేను లెక్కలేనన్ని పర్యాయములు నింపితిని. తప్పుగా నింపితినని ఎవరును అనలేదు. ఒక్క రూపాయి పుచ్చుకొంటినని కూడ అనలేదు. అందుకు నేను లోలోన గర్వపడుచుంటిని.

2011లో మా ఊరి పెద్దబాటమీద ఒక వాణిజ్య సముదాయము లేచినది. జనులు దానిని కాంప్లెక్సు అనుచుండిరి. మూడు అంతస్తులు, ముందువైపున నలువది అడుగుల పొడవు బోర్డు, దానిపైకి గురిపెట్టిన నాలుగు పెద్ద దీపములు. కాగితములన్నియు సక్రమముగా నుండెను. నేను నోటు వ్రాసితిని, అనుమతి లభించినది. ఊరివారు చాలమంది సంతోషించిరి. అంతవరకు సాయంకాలము ఏడు గంటలకే మూసికొనుచున్న ఆ బాట రాత్రి పదివరకు కళకళలాడసాగెను. నేనును పిల్లలను వెంటబెట్టుకొని పోయి చూచి వచ్చితిని.

రెండు నెలల పిమ్మట ఒక ముసలమ్మ అర్జీ పట్టుకొని నా బల్లయొద్దకు వచ్చెను. ఆమె ఇల్లు ఆ కాంప్లెక్సునకు సరిగా ఎదురుగా నున్నది. రెండు గదుల పాత పెంకుటిల్లు. ఆమె మన తెలుగే మాట్లాడినది. "నాయనా, మా ఇంట్లో రాత్రే లేకుండా పోయింది. మా ముసలాయన మంచంలో ఉండాడు. కండ్లు మూసుకున్నా తెల్లగానే ఉండాదంట" అనెను. నేను ఫైలు తెప్పించి చూచితిని. పొడవు, వెడల్పు, ఎత్తు, రుసుము అన్నియు సరిగా నున్నవి. దీపములు ఏ దిక్కునకు చూచుచున్నవో, ఎన్ని గంటలకు ఆర్పవలెనో అడుగు గడి దానిలో లేదు. ఎదురింటి కిటికీకి గడి లేదు. "అర్జీ ఇచ్చిపో అవ్వా, పైకి పంపిస్తా" అంటిని. ఆ సాయంకాలమే, నియమమునకు విరుద్ధమైనది ఏదియు లేదనియు, అర్జీని దాఖలు చేయవచ్చుననియు నోటు వ్రాసితిని. దాఖలు చేయుట యనగా కార్యాలయపు భాషలో ఫైలులో పెట్టి కట్టివేయుట.

ఆ వేసవిలో ఒకనాటి రాత్రి ఆ వీథివెంట ఇంటికి పోవుచుంటిని. ఆమె కిటికీకి రెండు మడతలు వేసిన గోనెపట్టా మేకులతో కొట్టియుండెను. ఆమె గడపమీద కూర్చుండి విసనకర్రతో విసరుకొనుచుండెను. నన్ను గుర్తించి, "చీకటి వచ్చింది నాయనా, గాలి పోయింది" అనెను. ఆ మాటలో నింద లేదు. ఉన్న సంగతి చెప్పినది. నేను ఏదో సర్దిచెప్పి వచ్చివేసితిని. నేను వ్రాసిన నోటులో అబద్ధము లేదు. ఆమె చెప్పిన మాటలోను అబద్ధము లేదు. రెండు నిజములు ఎదురెదురుగా నిలుచుండగా, ఒకటి ముద్రపడి గెలిచినది. రెండవది గోనెపట్టా వెనుక మిగిలినది. అప్పటినుండి ఆ గోనెపట్టా నా మనస్సున వ్రేలాడుచునే యున్నది.

చట్టము ఈ విషయమున ఏమి చెప్పుచున్నదని విశ్రాంతి దొరకిన పిమ్మట నాకు చేతనైనంత విచారించితిని. 1882వ సంవత్సరపు అనుభోగ హక్కుల చట్టములో ఒక విచిత్రమైన సంగతి కనబడినది. ఒక ఇంటికి ఇరువది సంవత్సరములు అడ్డులేక, శాంతముగా, హక్కుగా వెలుతురును గాలియు వచ్చుచున్నచో, వాని రాకకు ఆ ఇంటివానికి హక్కు స్థిరపడును. పొరుగువాడు గోడ కట్టి దానిని మూయరాదు. వెలుతురు రావలెననుటకు హక్కు కలదు. మరి ఆ ముసలమ్మ ఇంటికి ఇరువది గాదు, ఏబది సంవత్సరములనుండి రాత్రివేళ చీకటి వచ్చుచుండెను. అడ్డులేక, శాంతముగా వచ్చుచుండెను. ఆ చీకటికి అట్టి హక్కు ఆ చట్టమున చెప్పబడలేదు. 1882లో చట్టము వ్రాసినవారిని తప్పుపట్టలేము. చీకటి కరవగు దినము వచ్చునని ఆముదపు దీపము, కిరసనాయిలు దీపము వెలిగించుకొను కాలమున ఎవరు ఊహింపగలరు?

శబ్దము విషయమున మన దేశము ఇంతకంటె ముందుకు పోయినది. 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము రాత్రి పది గంటలనుండి ఉదయము ఆరు గంటలవరకు రాత్రిగా లెక్క. నివాసస్థలములలో పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45 డెసిబెళ్లు హద్దు. చెవికి రాత్రి యనునది ఒకటి కలదని చట్టము ఒప్పుకొనినది. కంటికి కూడ రాత్రి కలదని దేశమంతటికిని వర్తించు నియమము ఇంకను ఒప్పుకొనలేదు. చెవికంటె కన్ను మూసికొనుట తేలికయని కొందరు అందురు. రెప్ప పలుచనిదని ఆ ముసలాయన నడిగిన చెప్పియుండెడివాడు.

మన ప్రాంతమున ఈ వెలుతురు వచ్చిన కథ పెద్దదేమియు కాదు. 1902లో కావేరిమీద శివనసముద్రమున విద్యుత్తు పుట్టి, మొదట పోయినది మా కోలారు బంగారుగనులకు. పిదప 1905లో బెంగళూరు వీథులలో వెలిగినది. భూమిలోపల చీకటిలో పనిచేయువారికై మొదట తెచ్చిన వెలుగది. ఆ గనులలో దిగి పనిచేసిన తెలుగు కుటుంబములు మనలో ఎన్ని యున్నవో మీకు తెలియును. చీకటికి వెలుగు ఎంత అవసరమో వారికంటె ఎరిగినవారు లేరు. కనుక నేను దీపమును నిందించుచున్నానని ఎవరును అనుకొనవలదు. నూట ఇరువది యేండ్లలో, అవసరమునకై వచ్చినది అవసరమును దాటిపోయినదనుటయే నా మాట.

చీకటి ఉత్త లేమి మాత్రమే యని మనము తలచుచుందుము. దీపము లేనిచో మిగులునది చీకటి. దానిని పోగొట్టిన నష్టమేమి? ఈ తలంపు సరికాదని ఇప్పటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. రాత్రివేళ వెలుతురు, అందును నీలిచాయ హెచ్చుగా గల తెల్లని వెలుతురు కంటికి తగిలినచో, నిద్రకు తోడ్పడు మెలటోనిన్ అను స్రావము శరీరమున తగ్గును. దీపపు రంగును కెల్విన్ అను కొలతతో చెప్పుదురు. 2700 మొదలు 3000 వరకు గలది పసుపుచాయ. 6000 దాటినది నీలిచాయగల తెలుపు. అంగళ్లవారు కొట్టవచ్చినట్లు కనబడుటకు ఈ రెండవదానినే కోరుదురు. కనుక చీకటి శరీరమునకు ఒక ఆహారము వంటిది. అన్నము పెట్టకుండుట ఎట్లు కీడో, రాత్రి చీకటి దొరకనీయకుండుట అట్లే కీడు.

మనుష్యునికి మాత్రమే కాదు. ఒడిశాలో గంజాం జిల్లాయందు ఋషికుల్య నది సముద్రమున కలియుచోటు బరంపురపు తెలుగువారందరు ఎరిగినదే. అచ్చటి ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు లక్షలకొలది వచ్చి గుడ్లు పెట్టిన యేండ్లు కలవు. గుడ్డునుండి వెలువడిన పిల్ల రాత్రివేళ, ఏవైపు ఆకాశము ఎక్కువ వెలుతురుగా నున్నదో ఆవైపునకు ప్రాకును. సృష్టిలో ఆ వెలుతురు సముద్రమువైపున నుండును. ఊరివైపున దీపములు ప్రకాశించుచున్నచో పిల్ల దారితప్పి నేలవైపునకు పోయి, ఎండకును కుక్కలకును కాకులకును ఆహుతియగును. అందుచేత పిల్లలు వెలువడు దినములలో తీరమునకు చేరువనున్న దీపములను తగ్గించుట, మరుగుపరచుట అచ్చట వాడుక యైనది. అంత చిన్న ప్రాణికై దీపము తగ్గించుట తగునని ఒప్పుకొనిన మనము, మంచముపట్టిన మనుష్యునికై తగ్గించుట యేల తగదనవలెను?

ఆకాశమును చూచి లెక్కలు కట్టువారి కథయు ఇట్టిదే. హైదరాబాదు నిజామియా వేధశాలవారు 48 అంగుళముల దూరదర్శినిని నెలకొల్పుటకు నగరమునకు దూరముగా జాపాల, రంగాపురము గ్రామములయొద్దకు పోవలసివచ్చినది. ఆ హైదరాబాదులో పెరిగిన వైను బాపుగారు తమిళనాడున జవ్వాది కొండలలోని కావలూరును ఎంచిరి. 1986లో అచ్చటి 2.3 మీటర్ల దూరదర్శినికి వారి పేరే పెట్టిరి. ఇప్పుడు మన బెంగళూరున నున్న ఖగోళ భౌతికశాస్త్ర సంస్థవారు లడాఖులోని హాన్లేలో వేధశాలను నడుపుచున్నారు. 2022లో ఆ ప్రదేశమును చీకటి ఆకాశపు సంరక్షిత స్థలముగా ప్రకటించిరి. అడవులను, పులులను కాపాడినట్లు చీకటిని కాపాడవలసిన దినములు వచ్చినవన్నమాట. మా తాత పెరటిలో మంచము వేసికొని చూచిన చుక్కలను చూచుటకు, ఇప్పుడు హిమాలయములు దాటి పోవలసియున్నది.

ఇంతవరకు చదివినవారిలో కొందరికి ఆక్షేపణ తోచియుండును. అది న్యాయమైనదే కనుక దానిని దాటిపోరాదు. మన ఆచారమున దీపము మంగళము. సంధ్యవేళ దీపము పెట్టని ఇల్లు ఇల్లు కాదందురు. మరియు వెలుతురులేని వీథిలో రాత్రి పనినుండి ఇంటికి వచ్చు ఆడపిల్లకు భద్రత ఎక్కడిది? ముసలివారు గుంటలో పడినచో ఎవరు దిక్కు? ఈ మాటలు నిజములు. కాని దీపము రెండు పనులు చేయును: చూపును, కనబడును. వీథిదీపము బాటను చూపుటకై వెలుగును. అంగడి దీపము తాను కనబడుటకై వెలుగును. మొదటిదానిని నేలమీదికి దింపినకొలది మేలు. రెండవదానిని కంటిలోనికి ఎత్తినకొలది బాట కనబడదు. మిరుమిట్లు గొలుపు దీపము ప్రక్కనున్న గుంట మరింత చీకటిగా తోచును. భద్రతకై కోరు దీపము వేరు. పోటీకై పెంచు దీపము వేరు. రెండింటిని ఒకే పేరుతో పిలుచుటచేత మనము మోసపోవుచున్నాము.

మన ఆచారపు దీపమును కూడ ఒకసారి తలచుకొనుడు. కార్తికమున గుడియందు ఎత్తు ఆకాశదీపము చిన్నది. అది తానెక్కడ నున్నదో చెప్పును గాని ఎవరి కన్నులను గ్రుచ్చదు. దానికి ఒక మాసము, ఒక వేళ కలవు. మా తాత రాత్రివేళ లాంతరు పట్టుకొని పొలమునుండి వచ్చునపుడు, ఎదురుగా మనిషి వచ్చుచున్నాడని తెలియగానే లాంతరును మోకాలి దిగువకు దించి, పంచె కొంగు అడ్డు పట్టెడివాడు. ఎందుకని నేను అడుగగా, "వాని దారి వానికి కనపడాల గదరా" అనెను. ఆయన ఏ చట్టమును చదువలేదు. నా వెలుతురు ఎదుటివానికి చీకటి కాగూడదను ధర్మమును ఆయన చేయి ఎరిగియుండెను.

దీపమువలెనే బోర్డును. బోర్డు మన గోడమీద నున్నను అది మనతో మాట్లాడదు, వీథితో మాట్లాడును. వీథిలో పోవువాడు దానిని చదువనని చెప్పలేడు; కన్ను పడినంతనే చదివించుకొనును. కనుకనే బోర్డు విషయమున వీథికిని కొంత మాట కలదు. కర్ణాటకమున 2024లో సవరించిన చట్టము ప్రకారము అంగడి బోర్డుపై నూటికి అరువది పాళ్లు కన్నడము ఉండవలెను. అప్పుడు మనవారిలో కొందరు నొచ్చుకొనిరి. అంతకుముందు 2023 డిసెంబరున బోర్డులను పగులగొట్టిన పద్ధతిని నేను మెచ్చను. రాయి ఏ భాషకును గౌరవము తేదు. కాని నియమములోని తత్త్వము నాకు సమ్మతమే. మన ఇంటిలోపల తెలుగు మన ఇష్టము. వీథికి ఎదురుగా నిలిపిన మాటలో వీథి భాషకు పాలు ఈయవలెను. తరతరములుగా ఈ నీరు త్రాగుచున్న మనకు అది లోబడుట కాదు, మర్యాద.

బోర్డునకు హద్దు లేనిచో ఏమగునో చూచియే యున్నాము. 2024 మే 13న ముంబయిలో ఘాట్కోపర్ యొద్ద పెనుగాలికి ఒక ప్రకటన ఫలకము పెట్రోలు బంకుపై కూలి 17 మంది మరణించిరి. నలువది అడుగులకు నలువది అడుగులు హద్దుగా నున్నచోట అది నూట ఇరువది అడుగులకు నూట ఇరువది అడుగులుగా నిలిచియుండెనని తేలినది. బెంగళూరున 2018 ఆగస్టులో ఉన్నత న్యాయస్థానము గట్టిగా మందలించిన పిమ్మట నగరపాలకులు వేలకొలది బ్యానర్లను, ఫలకములను తొలగించిరి. బ్రెజిలు దేశమున సావో పాలో నగరము 2007లో బయటి ప్రకటన ఫలకములను మొత్తముగనే నిషేధించినది. అంగడి పేరు తెలుపు బోర్డులను తీసివేయలేదు. వాని కొలతను మాత్రము తగ్గించినది. ఆ నగరమున వ్యాపారము ఆగిపోలేదు.

అయితే పడిన బోర్డును గూర్చి అందరును మాట్లాడుదురు. పడని బోర్డును గూర్చి, చట్టప్రకారము గట్టిగా నిలిచి రాత్రియంతయు వెలుగుచున్న బోర్డును గూర్చి మాట్లాడువారు లేరు. దానివలన ఎవరును చావరు. ఒకరికి నిద్ర చెడును. ఒకరు గోనెపట్టా కొట్టుకొందురు. ఇట్టి చిన్న అన్యాయములకు వార్త లేదు, కమిటీ లేదు, నష్టపరిహారము లేదు. నా ఉద్దేశమున నాగరికతకు పరీక్ష ఇచ్చటనే.

ఇపుడు నా రెండవ అనుభవము చెప్పవలెను. నేను కొంతకాలముగా బెంగళూరున మా కుమారుని యింట నున్నాను. మా వీథి మలుపులో క్రొత్తగా ఒక కాంప్లెక్సు కట్టిరి. ముందువైపున బొమ్మలు మారుచుండు ఎల్.ఇ.డి. పలక పెట్టిరి. బొమ్మ మారినపుడెల్ల ఎదురిళ్ల గోడలు ఒకసారి ఎఱ్ఱగను, ఒకసారి నీలముగను మారుచుండెను. వీథివారు కలసి వార్డు కార్యాలయమునకు ఆక్షేపణ వ్రాయదలచి, గుమాస్తాగా పనిచేసినవాడనని ఆ పనిని నాకు అప్పగించిరి. జీవితమంతయు అర్జీలను దాఖలు చేసినవానికి అర్జీ వ్రాయు పని వచ్చినది.

ఆ సంగతి తెలిసి, ఆ కాంప్లెక్సులో బట్టల అంగడి పెట్టిన తెలుగువాడొకడు మా యింటికి వచ్చెను. అనంతపురము వైపువాడు, నన్ను మామా అని పిలుచును. "మామా, మీరు తెలుగువాళ్ళయి ఉండి మా పొట్ట మీద కొడతారా? పక్క అంగడి దీపం అంత మెరుస్తా ఉంటే, నేనొక్కడినే తగ్గిస్తే గిరాకీ ఎవురొస్తారు? బ్యాంకుకు వడ్డీ మీరు కడతారా?" అనెను. నాకు కోపము రాలేదు. వాని మాటలో భయము కలదు. బోర్డు ఎక్కువ వెలిగించువాడు దురాశాపరుడని మనము తేలికగా అందుము. తరచుగా వాడు ప్రక్కవానిని చూచి భయపడినవాడే.

వానితో నేనిట్లంటిని: "నాయనా, పెండ్లిపందిరిలో ఒకడు గొంతు పెంచితే పక్కవాడు పెంచుతాడు. కడాకు అందురూ అరుస్తా ఉంటారు, ఎవురి మాటా ఎవురికీ వినపడదు. అందురూ తగ్గిస్తే అందురి మాటా వినపడుతుంది. నిన్నొక్కడినే తగ్గించమని నేను వ్రాయను. అందురికీ ఒకే కొలత పెట్టమని వ్రాస్తాను." పిమ్మట వానిని వెంటబెట్టుకొని, రాత్రి పదిన్నర గంటలకు ఆ కాంప్లెక్సు ఎదురింటికి పోయితిని. ఆ యింట ఒక పసిబిడ్డ తల్లి కలదు. ఆమె అనుమతితో ముందుగదిలో దీపములన్నియు ఆర్పి పావుగంట కూర్చుంటిమి. గోడమీద ఎరుపు, నీలము, తెలుపు మారుచునే యుండెను. ఆ బట్టల అంగడివాడు కొంతసేపు చూచి, "మా అంగడి లోపలినుంచి ఇదేమీ తెలీదు మామా" అనెను.

ఆ ఒక్కమాటయే ఈ వ్యాసమున నేను చెప్పదలచిన సర్వమును. అంగడి లోపలినుండి తెలియదు. కార్యాలయపు బల్లనుండి తెలియదు. ఫైలులో గడి లేనిదానిని గుమాస్తా కన్ను చూడదు. చూడకపోవుట అన్యాయము చేయుట కాదని మనము అనుకొందుము. కాని చూడవలసిన ఉద్యోగమున కూర్చుండి, గడి లేదనుటచేత చూడకుండుట కూడ ఒక చేతయే. నియమము అడిగినదానికి సరియైన జవాబు వ్రాయుట నిజాయితీ. నియమము అడుగనిదానిని పైవారికి తెలుపుట ధర్మము. నేను మొదటిదానిని చేసి, రెండవదియు చేసితినని అనుకొంటిని. ఆనాడు నా నోటుక్రింద, "నియమోల్లంఘనము లేదు, అయినను ఈ వెలుతురువలన ఒక రోగికి నిద్ర లేదు, దీపములను దింపుమని చెప్పుట మంచిది" అని ఒక పంక్తి అదనముగా వ్రాయుటకు నన్నెవ్వరు అడ్డగించిరి? అధికారి కొట్టివేసియుండవచ్చును. కొట్టివేయుటకైనను ఆయన దానిని చదువవలసి వచ్చెడిది.

వార్డు కార్యాలయమున ఉభయులను పిలిచి మాట్లాడిరి. అంగళ్లు మూసిన పిదప బొమ్మల పలకను ఆపుటకును, పై దీపములకు రేకు మూతలు బిగించి నేలమీదికి దింపుటకును చాలమంది ఒప్పుకొనిరి. బట్టల అంగడివాడు తన దీపములను ముందుగా దింపెను. అన్నిటికంటె పెద్ద అంగడివారు మాత్రము వేరొక నగరమున నున్న తమ ప్రధాన కార్యాలయమును అడుగవలెననిరి. తుదకు అరగంట ముందుగా ఆర్పుటకు ఒప్పుకొనిరి. పూర్తి విజయమని చెప్పలేను. బట్టల అంగడివానికి గిరాకి తగ్గెనా యని అడుగుటకు నాకు మొగము చెల్లలేదు. ఆ అర్జీ వ్రాసిన రాత్రి మా యింటి వాకిటి దీపమును చూచితిని. అది నేరుగా ప్రక్కింటి మేడమెట్లమీద పడుచుండెను. మరునాడు దానికి ఒక రేకుమూత చేయించితిని. ఇన్నాళ్లు నేనును చూడలేదు.

క్రొత్త ఉపవిధులు చేయునపుడు ముసాయిదాను ప్రకటించి ప్రజల ఆక్షేపణలను కోరుట మన పరిపాలనలో నున్న పద్ధతి. పట్టణ ప్రణాళికయు, వీథిదీపములును పురపాలకుల బాధ్యతలలో చేరినవని 74వ రాజ్యాంగ సవరణ చెప్పుచున్నది. మన సంఘసభ్యులు ఏ ఊరివారైనను, అట్టి ముసాయిదా వచ్చినపుడు నాలుగు గడులు అడుగవలెనని నా ప్రార్థన. దీపము ఏ దిక్కునకు చూచుచున్నది? దాని రంగు ఎంత కెల్విను? ఎన్ని గంటలకు ఆర్పుదురు? ఎదురుగా ఎవరి కిటికీ కలదు? మొదటి మూడింటికి దరఖాస్తుదారుడు జవాబు చెప్పవచ్చును. నాలుగవదానికి మాత్రము గుమాస్తా లేచి, ఒక రాత్రివేళ పోయి, ఎదురింట నిలుచుండి చూచి రావలెను. అది కష్టమైన పని కాదు. నేను చేయని పని.

ఆ ముసలమ్మ ఇల్లు ఇప్పుడు లేదు. ఆ స్థలమున వేరొక కట్టడము లేచినది. ఆ దంపతులు ఎక్కడికి పోయిరో నేను విచారించునప్పటికి చెప్పువారు లేకపోయిరి. ఆమె అర్జీ ఆ కార్యాలయపు పాత ఫైలులో, నా దస్తూరి క్రింద, దాఖలై యుండును. దానిని తిరుగ తెరచుటకు నాకు అధికారము లేదు. కనుక ఆ ఒక్క అదనపు పంక్తిని ఈ సంచికలో వ్రాయుచున్నాను.